ఒక్క అడుగు వెనక్కి

రిటైరైన మరుసటి ఏడాది పోలీసు ట్రైనింగ్ కాలేజీ వాళ్లు నన్ను పిలిచారు, కొత్తగా చేరిన ఎస్సైలకు నాలుగు మంచిమాటలు చెప్పమని. మంచిమాటలు నాకు రావు. మా ఆవిడ ఆ సంగతి ముప్పై ఏళ్లుగా చెబుతూనే ఉంది. సరే, వెళ్లాను. చివర్లో ఒకతను లేచి, "సార్, చేతిలో ఆయుధం ఉండి మతిస్థిమితం లేనివాణ్ని పట్టుకోవాలంటే కనీసం ఎంతమంది సిబ్బంది కావాలి?" అని అడిగాడు. పెన్ను మూత తీసి అంకె కోసం చూస్తున్నాడు. "తొందరపడనివాడు ఒక్కడు చాలు" అన్నాను. హాలంతా నవ్వింది. ముసలాయన చమత్కరించాడనుకున్నారు. తర్వాత టీ ఇచ్చి, శాలువా కప్పి, బస్టాండులో దించారు.

నేను చమత్కరించలేదు. ఆ ఒక్కడు లేకపోవడం వల్ల ఒక మనిషి చచ్చిపోవడం నేను కళ్లారా చూశాను. చూడటమేమిటి, ఆ రోజు తొందరపడ్డవాణ్ని నేనే. ఆ సంగతి, మళ్లీ పదేళ్లు దాటాక జరిగిన ఇంకో సంగతి అలాంటి కుర్ర పోలీసులకు చెప్పడానికే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు ఇందులో ఉండవు. వాటి మీద ఆసక్తి ఉన్నవాళ్లు మా ఇంటికొస్తే గోడ మీద ఫొటోలున్నాయి.

సముద్రం కాపలా

డెబ్భైల మొదట్లో ఎస్సైగా విశాఖపట్నం వచ్చాను. మాది కోనసీమ. దొంగని కూడా "రండి, కూర్చోండి" అనడం నాకు అలవాటు. నా వెనకాల కానిస్టేబుళ్లు నన్ను "అండి ఎస్సై" అనేవారు. ఆ పేరు పోగొట్టుకోవాలని, నేను గట్టివాణ్నని చూపించుకోవాలని లోపల ఒక దురద ఉండేది. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే జరిగినదానిలో ఆ దురదకు కూడా వాటా ఉంది.

ఒకరోజు పొద్దున్న పదింటికి జాలరిపేట నుంచి కబురు. ఎర్రయ్య అనే జాలరి తన బావమరిది భుజం మీద చేపలు కోసే పెద్దకత్తితో కొట్టి, ఆ కత్తితోనే ఒడ్డుకు పారిపోయాడు. ముందటి వానాకాలంలో ఎర్రయ్యకు పెద్ద జ్వరం వచ్చిందట. జ్వరం తగ్గింది గానీ మనిషి మామూలు కాలేదు. రాత్రిళ్లు లేచి కూర్చుంటున్నాడు, తనలో తను మాట్లాడుకుంటున్నాడు, పడవెక్కడం మానేశాడు. పేటలో వాళ్లు గాలి సోకిందన్నారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముందు తెలుసుకుందామని నేను అడగలేదు. అడిగితే రెండు నిమిషాలు పట్టేది.

మేం ఆరుగురం వెళ్లాం. ఎర్రయ్య పడవల మధ్య నిలబడి ఉన్నాడు, చేతిలో కత్తి, ఒంటి మీద గోచీ. నేను మనుషుల్ని మూడువైపులా పంచాను. నాలుగోవైపు సముద్రం. "అటువైపు కాపలా సముద్రమే కాస్తుందిలే" అన్నాను. కానిస్టేబుళ్లు నవ్వారు. వాళ్లు నవ్వినందుకు నాకు బాగా అనిపించింది.

విజిల్ ఊది ముందుకు కదిలాం. ఎర్రయ్య వెనక్కి అడుగేశాడు. మేం ఇంకో రెండడుగులు వేశాం. అతను మళ్లీ వెనక్కి వేశాడు. వాడు వెనక్కి తగ్గుతుంటే మనం గెలుస్తున్నట్టు ఉంటుంది చూడండి, అదే మనల్ని ముంచేది. తడి ఇసకలోకి వచ్చాడు, మోకాలి లోతుకు, ఆ తర్వాత నడుం లోతుకు వెళ్లాడు. కళ్లు మాత్రం మా మీదే ఉన్నాయి. అలకు వీపు పెట్టి నిలబడే జాలరి ఎక్కడా ఉండడు. పుట్టినప్పటి నుంచీ వాళ్లకు ఒంట్లో ఉండే తెలివి అది. మా లాఠీలు చూసి అతను ఆ తెలివి కూడా మరిచిపోయాడు.

మా వెనక ఒక ముసలామె అరుస్తూ పరిగెత్తుకొచ్చింది. అలల హోరులో మాట వినపడలేదు. అడ్డం రానివ్వకండని నేనే చెప్పాను. ఇద్దరు కానిస్టేబుళ్లు ఆమె రెక్కలు పట్టుకుని ఆపారు. అప్పుడే పెద్ద అల ఒకటి వెనకనుంచి వచ్చి ఎర్రయ్య మీద విరిగింది. కత్తి ఎత్తిన చెయ్యి ఒక్కసారి కనిపించింది, అంతే. పేటవాళ్లు పడవ తోసి వెళ్లేసరికి ఆలస్యమైంది. మధ్యాహ్నానికి రాళ్ల దగ్గర దొరికాడు.

ఆ ముసలామె పోలమ్మ, ఎర్రయ్య తల్లి. శవాన్ని ఒడ్డున పడుకోబెట్టాక ఆమె ఏడవలేదు. నా దగ్గరికి వచ్చి, తిట్టడానికి కాదు, నాకు తెలియని సంగతి చెబుతున్నట్టు చెప్పింది.

"ఆడికి నీల్లంటే బయం బాబూ. పడవలో ఓల్లంతా ఒకటై సముద్రంలో తోసేత్తారని బయం. అందుకే కత్తట్టుకున్నాడు. అదే సెప్దామని ఒత్తంటే మీ ఓల్లు నన్నట్టీసినారు. మీరు ఒక్కడుగు ఎనక్కేసుంటే ఆడు ఒచ్చీసును."

నీళ్లలో తోసేస్తారని భయపడి కత్తి పట్టుకున్న మనిషిని మేం ఆరుగురం కలిసి నీళ్లలోకి తోశాం.

మా ఇన్‌స్పెక్టరు గారు నాకు చాలా నేర్పిన మనిషి, ఆయన్ని తక్కువ చెయ్యను. కానీ ఆ సాయంత్రం ఆయన అన్నమాట ఇది: "నువ్వు చేత్తో తొయ్యలేదు కదా. పారిపోతూ నీళ్లలో పడి చనిపోయాడని రాసెయ్." అలాగే రాశాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం కాదు. ఆ కాగితం మీద సంతకం పెట్టి ఇంటికెళ్లాను. ఆ తర్వాత ఆ దురద మాత్రం పోయింది. ఎవరేమన్నా "అండి" అనడం మానలేదు.

పోలమ్మ పూర్ణా మార్కెట్‌లో చేపలమ్మేది. చాలా ఏళ్లపాటు నేను ఆ వరసలోకి అడుగు పెట్టలేదు. చేపలు కావాలంటే మా ఆవిడే తెచ్చుకునేది. ఎందుకని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

దైవానందం గారి గోనెసంచి

తప్పు చేశానని తెలియడం వేరు, తప్పు చెయ్యకుండా ఎలా ఉండాలో తెలియడం వేరు. రెండోది నాకు నేర్పింది మా హెడ్ కానిస్టేబుల్ దైవానందం. పాతపట్నం మనిషి, ఆదివారం డ్యూటీ పడితే ముందు చర్చికి వెళ్లొచ్చి మరీ ఎక్కేవాడు. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. చదువు తక్కువ, గొంతు తక్కువ, పై అధికారులకు నచ్చే హుషారు అసలే లేదు.

పూర్ణా మార్కెట్‌లోనే ఒక కలాసీ, మూటలు మోసేవాడు, మతి చెదిరి కొబ్బరిబోండాల కత్తి పట్టుకుని గోడౌను సందులో నిలబడ్డాడు. ఎవరొచ్చినా నరుకుతానంటాడు. దైవానందం ముందుకెళ్లి, టోపీ తీసి పక్కన పెట్టి, లాఠీ దూరంగా పెట్టి, కత్తి అందనంత దూరంలో ఒక ఖాళీ గోనెసంచి పరుచుకుని కూర్చున్నాడు. "టీ తాగినావా?" అని అడిగాడు. వాడు బూతులు తిట్టాడు. ఈయన విన్నాడు. గంట దాటింది. వ్యాపారులు విసుక్కుంటున్నారు, నేను వాళ్లకంటే ఎక్కువ విసుక్కుంటున్నాను. చివరికి కలాసీ కూడా కూర్చున్నాడు. టీ వచ్చింది. గ్లాసు పట్టుకోవడానికి కత్తి కింద పెట్టాడు.

ఏం మంత్రం వేశారని అడిగితే దైవానందం అన్నాడు, "మంత్రమేటి సార్. మనం నిలబడితే ఆడు పారిపోడానికి సూత్తాడు. మనం కూకుంటే, ఈల్లు ఇప్పట్లో మీద పడరని ఆడికి తెలుత్తాది. అంతే."

ఆ రోజు నేను మెచ్చుకున్నాను గానీ నిజంగా నమ్మలేదు. కత్తి కాబట్టి కుదిరింది, తుపాకీ అయితే ఏం చేస్తాడు అనుకున్నాను.

ఉక్కునగరంలో తుపాకీ

ఎనభైల్లో నేను సర్కిల్ ఇన్‌స్పెక్టరునయ్యాను. స్టీల్ ప్లాంటు కడుతున్న రోజులు. ఉక్కునగరం సగం కాపురాలు, సగం ఇటుకల గుట్టలు. ఒక సెక్టారులో పిల్లలు ఆడుకుంటుంటే పక్క సెక్టారులో క్వార్టర్లకు ఇంకా తలుపులు బిగించి ఉండవు. మా గోదావరి జిల్లాల నుంచి, కృష్ణా నుంచి వచ్చినవాళ్లు బోలెడుమంది. ఎక్కడ చూసినా ఎర్రదుమ్ము. రోజులో ఏ టైమైందో అక్కడ ఎవరూ గడియారం చూసుకోరు. ఆరింటికి, రెండింటికి, పదింటికి సైరన్ మోగుతుంది, ఒకడు దిగుతాడు, ఒకడు ఎక్కుతాడు.

అక్కడ పనులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీకి సామాను యార్డు ఉండేది. దానికి తుపాకీతో కాపలా. కాపలాదారు సింహాచలం, మిలటరీలో హవల్దారుగా చేసి వచ్చిన మనిషి, విజయనగరం వైపు పల్లె. ఒకరోజు పొద్దున్న అతను యార్డు సూపర్‌వైజరు కాలి మీద కాల్చి, డబుల్ బ్యారెల్ తుపాకీతో పారిపోయాడు. సూపర్‌వైజరు బతికాడు, పిక్కలో సీసపు రవ్వలు దిగాయంతే.

పదిన్నరకు రెండు జీపుల్లో బయల్దేరాం. అతను తుప్పల్లో పరిగెడుతున్నాడు. జీపు చప్పుడు వినపడితే చాలు, ఇంకా దూరం పోతున్నాడు. ఒకసారి వెనక్కి తిరిగి గాల్లోకి కాల్చాడు. అతను పోయేది ఎటువైపని చూస్తే, కాపురాలున్న సెక్టారు వైపు. మేం ఎంత తరిమితే అతను అంత జనంలోకి పోతున్నాడు. నాకు పోలమ్మ గుర్తొచ్చిందని చెబితే ఇప్పుడు కథలా ఉంటుంది. నిజానికి నాకు గుర్తొచ్చింది ఆ తడి ఇసక. "ఆపండి. ఇంజన్లు కట్టెయ్యండి" అన్నాను. డ్రైవరు నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు.

మేం ఆగాం. కాసేపటికి అతనూ ఆగాడు. చివరి వరసలో కట్టడం పూర్తికాని ఒక క్వార్టరులోకి వెళ్లి, కిటికీ పక్కన నిలబడ్డాడు. దానికి రెండు వరసల అవతల కాపురాలు. దాని ముందు నుంచే షిఫ్టు బస్సులు వెళ్లే రోడ్డు.

డీఎస్పీ గారు రిజర్వు పోలీసుల్ని, మైకును తీసుకుని దిగారు. మంచి అధికారే. కానీ ఆయనకు మైకు దొరికితే వదలరు. "తుపాకీ కింద పడేసి, చేతులెత్తి బయటికి రా" అని మొదలుపెట్టారు. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా సింహాచలం తుపాకీని గుండెకు ఇంకా దగ్గరగా లాక్కోవడం నాకు కనపడుతోంది. అయిదారుసార్లు అయ్యాక కిటికీలోంచి కాల్చాడు. మా జీపు ముందున్న ఇటుకల కుప్ప పగిలింది.

డీఎస్పీ గారు నన్ను పక్కకు పిలిచారు. "రెండింటికి షిఫ్టు మారుతుంది. బస్సులొస్తాయి, వందల మంది. ఒంటిగంటన్నర దాకా చూస్తాను. తర్వాత ఆర్డరు ఇస్తాను. నాకు వేరే దారి లేదు." ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ని. అప్పటికి పన్నెండు దాటింది.

అప్పుడు సింహాచలం భార్య పైడమ్మ వచ్చింది, చేతిలో క్యారేజీతో. ఆమెకు మైకు ఇచ్చి ఏడిపించమని ఎవరో సలహా ఇచ్చారు. మీలో కూడా ఎవరికో ఒకరికి ఆ ఆలోచన వస్తుంది. వద్దు. ఏడుపు వింటే లోపలున్నవాడికి తన చావు ఖాయమైనట్టు ఉంటుంది. నేను ఆమెను జీపు నీడలో కూర్చోబెట్టి, పదేళ్లకు పైగా ఆలస్యంగా, ఆ ప్రశ్న అడిగాను. "ఆయనకు దేనికి భయం అమ్మా?"

"మూన్నాల్లైంది బాబూ నిద్దర్నేదు. ఆడి తరవాత డూటీ సెయ్యాల్సినోడు ఊరెల్లి రానేదు. ఇంకోల్ని ఎయ్యనేదు. పగలూ రాత్రీ ఈడే. నిన్న నాను అన్నం అట్టుకెల్తే తిన్నేదు. దొంగలు మన సూపరైజరు బట్టలేసుకుని తిరగతన్నారే అన్నాడు. డూటీ లాగేసుకుంటారు, పోస్టొదిలి పారిపోనాడని నా మీద రాసేత్తారు అన్నాడు. మిలట్రీలో ఒకపాలి కునుకు తీసినాడని శిచ్చేసినారట. అదే బయం." ఆగి, క్యారేజీ గట్టిగా పట్టుకుంది. "సంపేత్తారా బాబూ?"

"చంపమమ్మా" అన్నాను. నా చేతిలో లేని మాట ఇచ్చేశాను. ఇలాంటి మాటలు ఇవ్వకూడదని మీకు చెప్పాలి, కానీ నేను ఇచ్చాను.

సెంట్రీ చేతిలోది ఎవరు తీసుకోవచ్చు

దైవానందం అప్పుడు నా సర్కిల్లోనే, రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్నాడు. మైకు వైపు చూసి పెదవి విరిచాడు.

"ఏమిటండీ?" అన్నాను.

"డీఎస్పీ గారు పడెయ్ పడెయ్ అంటన్నారు సార్. మన టేసన్ సెంట్రీని ఎవుడైనా బయటోడొచ్చి తుపాకీ కింద పడెయ్ అంటే పడేత్తాడా? పడేత్తే మీరూరుకుంటారా? ఆడి రిలీవరొస్తే గానీ ఆడు తుపాకీ ఇవ్వడు. సింహాచలం ఇప్పుడు సెంట్రీయే సార్. మూడ్రోజుల్నించీ."

నాకు సిగ్గేసింది. మూడు నెలల కిందట తుపాకీ గోడకు ఆనించి నిలబడ్డాడని ఒక సెంట్రీని నేనే నానా మాటలూ అన్నాను. తుపాకీ నేలకు తగిలితే సెంట్రీకి పరువు పోయినట్టే అని క్లాసు పీకాను. అక్కడున్న ముప్పై మంది పోలీసులకూ ఆ పద్ధతి ఒంట్లో ఉంది. అవతల నిలబడ్డది కూడా మనలాంటి సెంట్రీయేనని ఒక్కరికీ తట్టలేదు. పిచ్చివాడని పేరు పెట్టేశాక ఇక అతనికి ఒక పద్ధతి ఉంటుందని ఎవరనుకుంటారు.

ఆ రిలీవరు కూడా అక్కడే ఉన్నాడు. అప్పల్నాయుడు, ఊళ్లో అమ్మవారి పండగకని ఒక్కపూటకు వెళ్లి మూడు రోజులుండిపోయినవాడు. ఆ పొద్దున్నే తిరిగొచ్చి, ఖాకీ వేసుకుని యార్డుకొచ్చి, జరిగింది విని మా వెనకాల వచ్చేశాడు. నేనింకా ఏమీ అడగకముందే అన్నాడు, "నాను ఎల్తాను సార్. నాను రాకపోబట్టే గదా ఇదంతా."

ఇక్కడ మీకు నేరుగా చెబుతున్నాను. ఒక మామూలు మనిషిని తుపాకీ ముందుకు పంపే హక్కు నాకు లేదు. అతను ఒప్పుకున్నా లేదు. అది తప్పయి ఉంటే, అప్పల్నాయుడి పెళ్లాం పిల్లలు నన్ను ఏమన్నా నేను తల దించుకుని పడాల్సి వచ్చేది. గెలిచింది కాబట్టి ఇది పద్ధతి అనుకోకండి. అప్పటికి నాకు కనిపించిన దారి అదొక్కటే, నేనూ అతనితో వెళ్లాలి, అంతవరకే నాకు తెలుసు.

డీఎస్పీ గారిని రెండడిగాను. మైకు ఆపాలి, మనుషుల్ని రెండో వరస వెనక్కి తీసుకోవాలి. "వెనక్కా?" అన్నారాయన. వాచీ చూసుకున్నారు. ఒంటిగంట దాటి పది నిమిషాలైంది. "ఇరవై నిమిషాలు" అన్నారు.

బెల్టుతో సహా నా పిస్తోలు తీసి దైవానందానికి ఇచ్చాను. అప్పల్నాయుడు ముందు, నేను పదిగజాల వెనక, పక్కగా, రెండు చేతులూ కనపడేలా నడిచాం.

"ఎవడ్రా?" అని కిటికీలోంచి.

"నాను బావా, అప్పల్నాయుణ్ని. రిలీఫ్‌కొచ్చినాను."

"మూడ్రోజులైంది."

"తప్పైపోనాది బావా."

"ఆ ఎనకాలోడు ఎవుడు?"

"సర్కిల్ ఇన్‌స్పెక్టర్నండి, హవల్దారు గారూ. డ్యూటీ మారేటప్పుడు దగ్గరుండి చూద్దామని వచ్చానండి." ఆ గొంతు నాదేనా అనిపించింది.

తుపాకీ రెండు గొట్టాలూ నా వైపు తిరిగాయి. "ఎనక్కెల్లు."

నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

ఆ అడుగు వెయ్యడం ఎంత కష్టమో మీకు చెప్పలేను. వెనక ముప్పై మంది చూస్తున్నారు. పోలీసు వెనక్కి తగ్గాడంటే ఇక ఉద్యోగంలో ముఖం చూపించలేడనే మనకు నేర్పారు. కానీ తుపాకీ గొట్టం జానెడు కిందికి దిగింది. "ఇంకా" అన్నాడు. ఇంకో అడుగు వేశాను. మొత్తం ఆరడుగులు. ఆరో అడుగు వేసేసరికి గొట్టాలు నేల చూస్తున్నాయి.

సింహాచలం గుమ్మంలోకి వచ్చాడు. ఎర్రబడ్డ కళ్లు, మూడ్రోజుల గడ్డం, బొత్తాలన్నీ సరిగ్గా పెట్టుకున్న చొక్కా. తుపాకీ మడిచి రెండు తూటాలు బయటికి తీశాడు. గొట్టాల్లోంచి ఆకాశం కనపడేలా ఎత్తి అప్పల్నాయుడికి చూపించాడు. జేబులోంచి మిగతావి తీసి అతని అరచేతిలో ఒక్కొక్కటే పెట్టాడు.

"ఏడు. పదిచ్చినారు. మూడు పేల్చినాను. రిపోర్టులో అలాగే సెప్పు. పోస్టులో అంతా సరిగ్గుంది. ఎనకాల కిటికీకి గొళ్లెం నేదు, సూసుకో."

తుపాకీ అడ్డంగా పట్టుకుని అందించాడు. అప్పల్నాయుడు పద్ధతిగానే అందుకున్నాడు. సింహాచలం సెల్యూట్ కొట్టి, ఇటుకల మీద కూలబడి, "పైడి అన్నం తెచ్చినాదా?" అని అడిగాడు.

అప్పుడు జరగబోయిన పొరపాటు కూడా రాయాలి. రిజర్వులో ఒక కుర్ర కానిస్టేబులు తాడు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. నేను కాలరు పట్టి ఆపాను. సింహాచలం అది చూశాడు. "నువ్వు పోస్టొదలకొరే" అన్నాడు అప్పల్నాయుడితో. డీఎస్పీ గారు వచ్చి తుపాకీ తీసుకోబోయారు. "ఇప్పుడొద్దు సార్, జీపు మలుపు తిరిగాక" అన్నాను.

"నీ నాటకం ఇంకా అవలేదా?"

"నాటకం కాదు సార్. ఆయన చూస్తున్నారు."

ఆయన కోపంగా చూశారు, కానీ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆ ఒక్కదానికి ఆయన్ని నేను ఇప్పటికీ తలుచుకుంటాను. జీపు నీడలో సింహాచలం అన్నం తిన్నాడు. పైడమ్మ ముద్ద ముద్దకూ నా వైపు చూసింది. రెండింటి సైరన్ మోగేసరికి మా జీపు రోడ్డెక్కింది, ఎదురుగా బస్సులొస్తున్నాయి. బేడీలు వెయ్యనందుకు తర్వాత నన్ను సంజాయిషీ అడిగారు.

కుర్రవాళ్లకు

పరిగెత్తేవాణ్ని చూస్తే పట్టుకోవాలనిపిస్తుంది, అది మన ఒంట్లో ఉంది. మతి చెదిరినవాడి విషయంలో ఆ ఒంటిని నమ్మకండి. దొంగ దొరికిపోతానని పరిగెడతాడు. ఇతను చచ్చిపోతానని పరిగెడతాడు. అతనికి దేనికి భయమో ముందు తెలుసుకోండి. ఇంట్లో ఆడవాళ్లకు తెలుసు. వాళ్లను అడ్డం రాకుండా ఆపకండి, అడగండి.

అన్నిసార్లూ ఇలా అవుతుందని నేను చెప్పడం లేదు. ఇంకొకరి పీక మీద కత్తి దిగబోతుంటే కాల్చాల్సిందే, దానికి ఈ వయసులో కూడా నేను వెనకాడను. కానీ నేను చూసినంతలో, అంత దాకా రాకముందే మనం కాల్చిన సందర్భాలే ఎక్కువ. టైము మన చేతిలో ఉన్నప్పుడు దాన్ని వాడుకోవడానికి మనకెందుకంత నామోషీయో నాకు అర్థం కాదు.

ఇద్దరు

సింహాచలాన్ని పిచ్చాసుపత్రిలో చేర్చాం. కొన్ని నెలలకు చూడ్డానికి వెళ్లాను. నిద్రపోయిన మనిషి ముఖం వేరుగా ఉంటుంది, గుర్తుపట్టడానికి కాస్త టైము పట్టింది. అతను నన్ను గుర్తుపట్టాడు. సూపర్‌వైజరు కాలు ఎలా ఉందని అడిగాడు. నడుస్తున్నాడని చెప్పాను. తల దించుకుని ఇంకొకటి అడిగాడు.

"నా తరవాత ఆ డూటీ ఎవులు సేసినారు సార్?"

"అప్పల్నాయుడేనండి. పది గంటల సైరన్ దాకా అక్కడే నిలబడ్డాడు."

అది నిజం. తుపాకీ మేం పట్టుకుపోయాక కూడా, ఎవరూ చెప్పకుండానే, అతను ఖాళీ క్వార్టరు ముందు లాఠీతో షిఫ్టు అయ్యేదాకా నిలబడ్డాడని నాకు మర్నాడు తెలిసింది. ఆ నిజం నాకు దొరక్కపోయి ఉంటే సింహాచలానికి ఏం చెప్పేవాణ్నో తెలియదు.

ఆ ఆదివారం పూర్ణా మార్కెట్‌కు వెళ్లాను. చేపల వరసలో పోలమ్మ ఉంది, బాగా ముసలిదైపోయింది. నన్ను గుర్తుపట్టదనుకున్నాను. "రా బాబూ" అంది. చెయ్యి మాత్రం ఆపకుండా పొలుసు గీకుతూనే ఉంది. నేను ఆమె ముందు గొంతుక్కూర్చుని జరిగిందంతా చెప్పాను. తుపాకీ, సైరన్, ఆరడుగులు, అన్నం తినడం. ఎందుకు చెబుతున్నానో నాకే తెలియలేదు. క్షమించమని అడగడానికి ఆ మాట నోట్లోంచి రాలేదు.

అంతా విని, "ఆడికి పిల్లలున్నారా?" అంది.

"ఇద్దరమ్మా."

"మంచిపని సేసినావు బాబూ" అంది. కత్తి నీళ్లలో కడుక్కుని, ఇంకో చేప తీసుకుంది. "ఈ ఇద్య మా ఓడి అప్పుడు నీకు తెలిసుంటే బాగుణ్ను."

ఆ విద్య నాకు వాళ్ల ఎర్రయ్య దగ్గరే వచ్చిందని ఆమెకు చెప్పలేకపోయాను.